గోగుకాడ తాడు కావాలంటే...

పోయిన ఎపిసోడ్‌లో గోగునార మాటెత్తితే చాలామంది ఒకటే అడిగారు: కాడల్ని ఎన్నిరోజులు నానబెట్టాలి? తాడు నిలిచేదీ తెగేదీ అక్కడే.

మన పాతతరం 'రంగం' అని పిలిచిన రంగూన్‌లో, నేనుండే మింగళాడోన్ వైపు గోంగూరకి కొదవలేదు. బర్మావాళ్లు 'చిన్‌బౌంగ్' అంటారు, మనలాగే ఇష్టంగా తింటారు. ఆకు దూసేశాక కాడలు పారేస్తారు కదా, మనకి కావలసింది అవే. పూత మొదలైన కాడైతే మంచిది. కాయలు ఎండేదాకా ఉంచితే నార గరుకు.

కట్టగట్టి, పూర్తిగా మునిగేలా బకెట్లో పెట్టి పైన రాయి పెట్టండి. బెరడును పుల్లకి అంటించే పెక్టిన్ అనే జిగురుని నీళ్లలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. ఈ వేడికి 10 నుంచి 15 రోజులు. కానీ లెక్కని నమ్మకండి, వారం దాటాక రోజూ ఒక కాడ తీసి చూడండి. బెరడు వేళ్లకి జారి వచ్చేస్తే ఆ రోజే తీసెయ్యాలి. ఆలస్యమైతే నారే కుళ్లిపోతుంది. బకెట్‌కి మూత తప్పనిసరి, డెంగీ దోమలకి ఆ నీళ్లే ఇల్లు. (వాసనకి రూంలోవాళ్లు తిడతారు, అది వేరే సంగతి.)

నార కడిగి నీడన ఆరబెట్టి, రెండు పాయలూ విడివిడిగా కుడికి పురిపెట్టి, కలిపి ఎడమకి పేనండి. ఒకదాని పురి విడబోతే రెండోది బిగుస్తుంది.

బట్టలారేసుకోడానికి, మూటలకి సరే. సైట్లో మనిషి బరువుకి మాత్రం వద్దు.