ఏటి వాలులో సైకిలు: తేలిక దారికీ నిశ్శబ్దానికీ ఉన్న లెక్క

ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వైపు వెళ్లే రైలు ఝార్‌గ్రామ్, గిధ్ని, చాకులియా స్టేషన్లు దాటి ఘాట్‌శిల చేరేసరికి నేల రూపం మారిపోతుంది. అప్పటిదాకా ఎర్రమట్టి మైదానం, సాల చెట్ల అడవులు. ఇక్కడి నుంచి కొండల వరసలు, వాటి పక్కన సువర్ణరేఖ నది. దూరం వంద కిలోమీటర్ల లోపే. కొండల నడుమ, ఏటి పక్కన, బండ్ల రొద లేని రోడ్డు మీద సైకిలు తొక్కాలనుకునే ఖరగ్‌పూర్ వాసికి అందుబాటులో ఉన్న నదీలోయ ఇది.

కొండ ప్రాంతమంటే ఎక్కుడు దారులే కదా, అక్కడ సైకిలు తొక్కడం తేలికెలా అవుతుంది? రోడ్డు ఖాళీగా ఉంటే మనసుకు హాయి, అంతేనా, ఇంకేమైనా ఉందా? ఈ రెండు ప్రశ్నలకూ భౌతికశాస్త్రం దగ్గర సూటైన జవాబులున్నాయి. పదో తరగతి పాఠాలు గుర్తుంటే చాలు.

రైల్వే వాళ్లకు తెలిసిన వాలు

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో డ్రైవరో, గార్డో, ట్రాక్ పనివారో ఉంటే ‘వందకు ఒకటి’ అన్న లెక్క చెవిన పడే ఉంటుంది. వంద మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు ఎత్తు పెరిగే వాలు అని దాని అర్థం. పట్టాల పక్కన అంకె వేసి, ఎక్కుడో దిగుడో చూపే చిన్న పలకలు చెప్పేది ఈ వాలునే.

వందకు ఒకటి అంటే కంటికి దాదాపు చదును. రైలుకు మాత్రం అది పెద్ద కొండ. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద ఎంతో తేలిగ్గా దొర్లుతుంది. చదునైన చోట మెల్లగా వెళ్లే గూడ్సు రైలును లాగడానికి దాని బరువులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వెయ్యో వంతుల బలం సరిపోతుంది. వందకు ఒకటి వాలు రాగానే బరువులో వందో వంతు అదనంగా లాగాలి. అంటే అంతకు ముందు వాడిన బలానికి ఐదు నుంచి పది రెట్లు అదనం. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ మార్గంలో వాలు 60కి ఒకటి దాకా ఉంటుంది. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్‌ను అందుకోవడానికి ఆ దారి కొండల చుట్టూ వంపులు తిరుగుతూ, సొరంగాల్లో దూరుతూ వెళ్లేది అందుకే. నిట్టనిలువుగా ఎక్కలేని ఎత్తును దూరం పెంచుకుని ఎక్కుతుందన్నమాట.

వంద వాట్ల ఇంజను

సైకిలుకు ఇంజను మనిషే. రోజూ కాస్త తొక్కే అలవాటున్న మామూలు మనిషి గంటసేపు నిలకడగా ఇవ్వగలిగే శక్తి సుమారు వంద వాట్లు. పాతకాలపు బల్బు ఒకటి వెలగడానికి సరిపోయేంత. ఈ కొద్దిపాటి శక్తి మూడు చోట్ల ఖర్చవుతుంది: టైరు దొర్లడానికి, గాలిని తోసుకుపోవడానికి, ఎత్తు ఎక్కడానికి.

మనిషి, సైకిలు కలిపి 85 కిలోలు అనుకుందాం. నిటారుగా కూర్చుని తొక్కే మామూలు సైకిలు, మంచి తారురోడ్డు, గాలి లేని పూట. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే టైర్ల నిరోధం ఏడు న్యూటన్లకు కాస్త తక్కువ, గాలి నిరోధం ఆరు న్యూటన్లకు కాస్త ఎక్కువ. మొత్తం 13 న్యూటన్లు, అంటే సుమారు 55 వాట్ల శ్రమ. ఇది హాయిగా కబుర్లు చెప్పుకుంటూ తొక్కే స్థాయి. వంద వాట్లు పెడితే వేగం గంటకు 20 కిలోమీటర్లకు చేరుతుంది.

అదే 15 కిలోమీటర్ల వేగంతో వందకు ఒకటి వాలు ఎక్కాలంటే మరో 8 న్యూటన్లు కావాలి. శ్రమ 90 వాట్లకు చేరుతుంది. ఇరవైకి ఒకటి వాలైతే ఎక్కడానికే 42 న్యూటన్లు కావాలి, మొత్తం శ్రమ 230 వాట్లు. అది బాగా సాధన చేసినవారి పని. వంద వాట్ల మనిషి అక్కడ గంటకు ఏడు కిలోమీటర్లకు పడిపోతాడు. మన దేశంలో రోడ్ల రూపకల్పన ప్రమాణాలు కొండ ప్రాంతాల్లో సాధారణంగా అనుమతించే వాలు ఈ ఇరవైకి ఒకటే. మోటారు బండికి అది లెక్కలోకి రాదు, సైకిలుకు అదే పెద్ద పరీక్ష.

ఎక్కినది దిగేటప్పుడు తిరిగి వస్తుంది కదా అనిపించవచ్చు. శక్తి తిరిగి వస్తుంది, సమయం రాదు. ఇరవైకి ఒకటి వాలులో తొక్కకుండా, బ్రేకు పట్టకుండా దిగితే వేగం గంటకు 35 కిలోమీటర్ల దగ్గర స్థిరపడుతుంది. ఆపైన వాలు ఇచ్చే బలమంతా గాలిని తోయడానికే సరిపోతుంది. పది కిలోమీటర్లు ఏడింటి వేగంతో ఎక్కి, పది కిలోమీటర్లు 35తో దిగితే సగటు గంటకు 12 కిలోమీటర్లే. చదునైన దారిలో అదే మనిషి 20తో వెళ్లేవాడు. మలుపుల్లో బ్రేకు పడితే ఆ శక్తి కూడా వేడిగా మారి పోతుంది.

నది ముందే వేసిన దారి

లోయ సాయపడేది ఇక్కడే. వేల ఏళ్లుగా ప్రవహించే నది తన అడుగును కోసుకుంటూ, మట్టిని నింపుకుంటూ వాలును సర్దుకుంటుంది. పుట్టిన చోట నీరు తక్కువ, కాబట్టి రాళ్లను, ఇసుకను మోయడానికి ఎక్కువ వాలు కావాలి. దిగువకు వచ్చేకొద్దీ ఉపనదులు కలిసి నీరు పెరుగుతుంది, ఇసుక రేణువులు సన్నబడతాయి, తక్కువ వాలుతోనే పని జరుగుతుంది. అందుకే నది పొడవునా గీసిన ఎత్తుల గీత పైన నిటారుగా, కింద దాదాపు చదునుగా ఉంటుంది.

సువర్ణరేఖ రాంచీ దగ్గర సుమారు 600 మీటర్ల ఎత్తున పుట్టి, దాదాపు 395 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. సగటున 650కి ఒకటి వాలు. అందులోనూ 98 మీటర్ల ఎత్తు హుండ్రు జలపాతం దగ్గర ఒక్క దూకుతో పోతుంది. గట్టి రాతిని నది ఇంకా అరగదీయలేని చోటది. కొండల్లోంచి బయటపడి ఘాట్‌శిల వైపు వచ్చేసరికి నది నెమ్మదిస్తుంది.

రైలు మార్గం వేసినవారికీ ఇది కలిసొచ్చింది. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ సుమారు 134 కిలోమీటర్లు. టాటానగర్ స్టేషన్ ఎత్తు సుమారు 160 మీటర్లు. ఖరగ్‌పూర్ సముద్ర మట్టం మీదే ఉందనుకున్నా సగటు వాలు 800కి ఒకటి దాటదు. సైకిలు మీద ఆ వాలుకు అయ్యే అదనపు శ్రమ నాలుగైదు వాట్లు, అంతే. నడుమ చిన్నచిన్న ఎత్తుపల్లాలు ఉంటాయి నిజమే, కానీ నది ఒడ్డున సాగే దారి చుట్టూ కొండల్ని చూపిస్తూ కొండ ఎక్కించకుండా తీసుకెళ్తుంది. అదే కొండను అడ్డంగా దాటే దారి ప్రతి మలుపులోనూ లెక్క తీసుకుంటుంది.

చదును నేలకు ఒక కనిపించని కొండ ఉంది: ఎదురుగాలి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే 15 వేగంతో వెళ్లే సైకిలుకు గాలి బలం నాలుగు రెట్లవుతుంది. లెక్కిస్తే అది దాదాపు 44కి ఒకటి వాలు ఎక్కడంతో సమానం. లోతైన లోయల్లో పగలు ఎండకు కొండవాలులు వేడెక్కి గాలి లోయలో పైకి వీస్తుంది, రాత్రి చల్లబడి కిందికి జారుతుంది. అలాంటి చోట పగటి పూట ఎగువకు, తెల్లవారుజామున దిగువకు వెళ్తే గాలి తోడుగా వస్తుంది.

నిశ్శబ్దం అంటే భద్రత

ఇక రెండో ప్రశ్న. ఖరగ్‌పూర్ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మన శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా చెన్నై చేరేదే. చదునుగా, నున్నగా ఉంటుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం సైకిలుకు అంతకంటే మంచి రోడ్డు ఉండకూడదు. అయినా దాని మీద పిల్లల్ని సైకిలు మీద పంపడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. ఆ భయానికీ లెక్క ఉంది.

30 టన్నుల లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే దాని గతిశక్తి, 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిలు గతిశక్తికి ఐదు వేల రెట్లకు పైనే. గతిశక్తి వేగం వర్గంతో మారుతుంది కాబట్టి లారీ వేగం 30కి తగ్గితే ఆ శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. డ్రైవరు స్పందించడానికి ఒక సెకను పడుతుందని, బ్రేకులు ఒక మోస్తరుగా పట్టాయని అనుకుంటే, 60 వేగంలో బండి ఆగడానికి దాదాపు 45 మీటర్లు కావాలి. 30 వేగంలో 15 మీటర్లు చాలు. పక్క నుంచి దూసుకుపోయే లారీ విసిరే గాలి తోపు కూడా వేగం వర్గాన్ని బట్టే పెరుగుతుంది. సైకిలు తూలేది అందుకే.

శబ్దం సంగతీ ఇంతే. బండ్ల రకం, వేగం మారకుండా సంఖ్య పదో వంతుకు తగ్గితే సగటు శబ్దం 10 డెసిబెల్స్ తగ్గుతుంది. చెవికి అది సుమారు సగం మోతగా అనిపిస్తుంది. మన శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్‌ను పరిమితిగా పెట్టాయి. రద్దీ రోడ్డు పక్కన అది నిలవడం కష్టం. సైకిలుకు వెనక అద్దం ఉండదు, తొక్కేవారి చెవులే ఆ పని చేస్తాయి. నిరంతర రొదలో వెనక నుంచి వచ్చే ఒక్క బండి చప్పుడు కలిసిపోతుంది. ఖాళీ రోడ్డు మీద అది చాలా ముందే వినిపిస్తుంది, పక్కకు తప్పుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. తొక్కేటప్పుడు మనం పీల్చే గాలి విశ్రాంతిగా ఉన్నప్పటికంటే నాలుగైదు రెట్లు ఎక్కువ కాబట్టి, బండ్లు తగ్గితే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే పొగ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

మన చేతిలో ఉన్నది

నదీలోయల్లో తరచూ రెండు రకాల రోడ్లు కనిపిస్తాయి. పెద్ద బండ్లన్నీ జాతీయ రహదారి పడతాయి. పల్లెల్ని కలిపే సన్నని రోడ్లు పక్కన మిగులుతాయి. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఇలాంటివి ఎన్నో వేసింది. సెలవు రోజున సరదాగా వచ్చేవారికి ఆ రోడ్లు విహారం. అక్కడి పిల్లలకు అవి రోజూ బడికి వెళ్లే దారి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2015 నుంచి ‘సబూజ్ సాథీ’ పథకం కింద 9 నుంచి 12వ తరగతి విద్యార్థులకు సైకిళ్లు ఇస్తోంది. సైకిలు ఇవ్వడం సగం పని. అది భయం లేకుండా తొక్కగలిగే రోడ్డు మిగతా సగం.

ఆ సగాన్ని సాధించే దారులు రెండు. ఒకటి విడిగా దారి వేయడం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకాల కప్పుతో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ అలాంటిది. దానికి ఖర్చు, స్థలం కావాలి. రెండోది ఉన్న రోడ్డు మీదే వేగాన్ని, బండ్లను తగ్గించడం. 1951లో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీ ఆవరణ ఇందుకు ఇంటి పక్కనే ఉన్న ఉదాహరణ. అక్కడ విద్యార్థులు ఎక్కువగా సైకిళ్ల మీదే తిరుగుతారు, బండ్లు నెమ్మదిగా వెళ్తాయి, రోడ్డు ఒక్కటే అయినా ఇద్దరికీ సరిపోతుంది. పల్లె రోడ్డు మీద బడి దగ్గర వేగనిరోధకం వేయడం, ఇసుక లారీల్ని ఆ దారిలోకి రాకుండా ఆపడం ఈ రెండో పద్ధతిలోవే.

దారికి వాలు ఎంత ఉండాలో నది ఎప్పుడో తేల్చింది, దాన్ని మనం మార్చలేం. ఆ దారిలో బండ్లు ఎంత వేగంగా పోవాలన్నది మాత్రం పంచాయతీ, రోడ్ల శాఖ, మనం కలిసి తేల్చుకోవాల్సిన సంగతి. 60 నుంచి 30కి తగ్గిస్తే బండి గతిశక్తి సగం కాదు, నాలుగో వంతుకు దిగుతుందన్న వర్గం లెక్క ఒక్కటి గుర్తుంటే ఆ నిర్ణయం తీసుకోవడం తేలికవుతుంది.