కొట్టుడు శబ్దం దేనిని అనుసరిస్తుంది?

రెండు లోహ భాగాల మధ్య ఉండవలసిన దానికంటే ఎక్కువ ఖాళీ ఏర్పడి, వాటి మీద పనిచేసే బలం దిశ మార్చుకున్నప్పుడల్లా ఒక భాగం ఆ ఖాళీని దాటి వెళ్లి రెండవ దానిని తాకడం వల్ల మోటార్‌సైకిల్‌లో సాధారణంగా కొట్టుడు శబ్దం పుడుతుంది. ఖాళీ ఉన్నా బలం దిశ మారకపోతే ఈ శబ్దం రాదు. దిశ మారుతున్నా ఖాళీ లేకపోతే రాదు. కనుక శబ్దం ఎంత గట్టిగా ఉన్నదన్న దానికంటే, బండిలోని ఏ కదలికను అది అనుసరిస్తున్నదన్నది ముందుగా తేల్చవలసిన విషయం. దీనికి సమాధానం దొరకకముందే ఇంజన్ విప్పడం తొందరపాటే కాక అన్యాయం కూడా, ఎందుకంటే బాగున్న ఇంజన్‌ను విప్పి బిగించినందుకు అయ్యే ఖర్చును బండి యజమానే భరించవలసి వస్తుంది.

రాయచూరు జిల్లా పరిస్థితులు ఈ సమస్యను మరింత జటిలం చేస్తాయి. తుంగభద్ర ఎడమగట్టు కాలువ కింద సింధనూరు, మాన్వి, మస్కి ప్రాంతాలలో వరి సాగు విస్తరించిన క్రమంలో ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు రైతులు కట్టుకున్న ఊళ్లు నేటికీ క్యాంపులనే పేరుతోనే ఉన్నాయి. ఆ క్యాంపులలోనూ, చుట్టుపక్కల కన్నడ గ్రామాలలోనూ పొలానికి, బజారుకు, ఆసుపత్రికి చిన్న బండే ఆధారం. ఎరువు బస్తా వేసుకొని కాలువ గట్టు మీద నడిచే ఆ బండి వానల్లో రేగడి బురదను, కోతల్లో వరి ధూళిని, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండను తట్టుకోవాలి. ధూళి సిలిండరును అరగదీస్తుంది, బరువు బుష్‌లను వదులు చేస్తుంది, ఎండ ఇంధనం మండే తీరునే మారుస్తుంది. ఈ మూడింటి ఫలితమూ చెవికి ఒకే విధమైన టకటకగా తోచవచ్చు.

వీటిని విడదీయడానికి లెక్క సహాయపడుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు, పిస్టన్ కదలికను చక్రభ్రమణంగా మార్చే క్రాంక్ షాఫ్ట్ సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో అందులో సగం వేగంతో, అంటే 25 సార్లు తిరుగుతుంది. అదే సమయంలో, సుమారు 1.9 మీటర్ల చుట్టుకొలత ఉన్న చక్రం గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు మూడు సార్లే తిరుగుతుంది. మూడు దెబ్బలను చెవి లెక్కపెట్టగలదు, 25 దెబ్బలను లెక్కపెట్టలేదు; అందువల్ల విడివిడిగా లెక్కకు అందే దెబ్బలు నడిచే బండి వేగంతో పాటే పెరిగి తగ్గుతుంటే, ఇంజన్‌ను అనుమానించకముందే చక్రాన్ని, చైనును, చక్రం బేరింగులను చూడాలి. బండిని న్యూట్రల్‌లో నిలబెట్టి ఎక్సలేటర్ ఇచ్చినా శబ్దం వస్తే అది ఇంజన్ వైపుది. ఖాళీ రోడ్డు మీద క్లచ్ పట్టి, ఎక్సలేటర్ వదిలేసి బండిని జారనిచ్చినప్పుడు కూడా అదే లయలో కొనసాగితే అది చక్రాల వైపుది. నిలబడి ఉన్న బండిలో క్లచ్ లీవరు పట్టగానే ఆగి, వదలగానే తిరిగి మొదలయ్యే గలగల క్లచ్ హౌసింగ్‌కో గేర్ షాఫ్ట్ బేరింగుకో చెందినదై ఉంటుంది.

ఇంజన్ వైపుదని తేలిన తరువాత వేడి మంచి సాక్షి అవుతుంది. అల్యూమినియం పిస్టన్ వేడికి పోత ఇనుప సిలిండరు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందువల్ల అరిగిన బోరులో పిస్టన్ ఒక పక్క నుంచి మరో పక్కకు ఒరిగి గోడను కొట్టే శబ్దం ఉదయం చల్లని ఇంజన్‌లో ఎక్కువగా వినిపించి, బండి వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు అరిగితే జరిగేది దీనికి వ్యతిరేకం: వేడికి నూనె పలచబడి లోహాల మధ్య పొర బలహీనమవుతుంది కాబట్టి దెబ్బ మరింత గట్టిపడుతుంది, ఎక్సలేటర్‌ను ఒక్కసారిగా తెరిచి మూసినప్పుడు బరువైన దెబ్బగా స్పష్టంగా తెలుస్తుంది. పై భాగం నుంచి వచ్చే సన్నని టిక్‌టిక్ సాధారణంగా టాపెట్లది. టాపెట్ల దగ్గర, వాల్వు పూర్తిగా మూసుకోవడానికి వీలుగా ఉంచే ఖాళీ చాలా చిన్న బండ్లలో మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: శబ్దం పూర్తిగా పోవాలని ఆ ఖాళీని బొత్తిగా తగ్గిస్తే, వాల్వు సరిగా మూసుకోక, సిలిండరు తలకు చేరవలసిన వేడి వాల్వులోనే నిలిచి అది కాలిపోతుంది. కొద్దిపాటి టిక్‌టిక్ ఉన్న ఇంజనే ఆరోగ్యకరమైనది.

లోహాల మధ్య ఖాళీతో నిమిత్తం లేని కొట్టుడు ఒకటి ఉంది. రాయచూరు వేసవిలో దానిని విడిగా అర్థం చేసుకోవాలి. స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండరులో వ్యాపిస్తుండగా, ఇంకా మండని చివరి మిశ్రమం ఒత్తిడికి, వేడికి తనంతట తానే ఒక్కసారిగా అంటుకోవడాన్ని డిటోనేషన్ అంటారు. అప్పుడు పుట్టిన పీడన తరంగాలు గోడల మధ్య ప్రతిధ్వనిస్తాయి. గాలి 27 డిగ్రీల వద్ద లోపలికి వచ్చి, 9:1 నిష్పత్తిలో కుదించబడితే దాని ఉష్ణోగ్రత సుమారు 375 డిగ్రీలకు చేరుతుంది. అదే గాలి 45 డిగ్రీల వద్ద వస్తే సుమారు 414కు చేరుతుంది, అంటే బయట ఉన్న 18 డిగ్రీల తేడా లోపల రెండింతలకు పైగా పెరుగుతుంది. దీనికి తోడు వెనుక బస్తా పెట్టుకొని టాప్ గేరులో తక్కువ వేగంతో గట్టు ఎక్కిస్తే, చివరి మిశ్రమం అంటుకోవడానికి కావలసినంత వ్యవధి కూడా దొరుకుతుంది.

డిటోనేషన్‌లో పుట్టే ఆ పీడన తరంగాల స్థాయి సిలిండరు వ్యాసం మీద ఆధారపడుతుంది. 50 మిల్లీమీటర్ల బోరున్న 100 సీసీ తరగతి ఇంజన్‌లో అది సెకనుకు సుమారు 11,000 కంపనాలు, 70 మిల్లీమీటర్ల బోరున్న పాత బుల్లెట్ 350లో సుమారు 8,000. అందుకే ఇది సన్నని గలగలగా, రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్లుగా వినిపిస్తుంది. వయసు పెరిగే కొద్దీ, యంత్రాల హోరులో పనిచేసే కొద్దీ చెవి ముందుగా కోల్పోయేది ఈ ఎత్తైన స్థాయిలనే. ఎంతో అనుభవమున్న మెకానిక్‌కు సైతం వినిపించనిది, అతని దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడికి వినిపించవచ్చు. కుర్రవాడి మాట కొట్టిపారేయడం తగదు. ఒక గేరు తగ్గించగానే గలగల ఆగిపోతే అది డిటోనేషన్ అనడానికి బలమైన ఆధారం. కనెక్టింగ్ రాడ్ శబ్దం గేరు తగ్గించినంత మాత్రాన మాయం కాదు.

ఇంధనం డిటోనేషన్‌ను ఎంతవరకు తట్టుకుంటుందో ఆక్టేన్ సంఖ్య చెబుతుంది. 1920లలో అమెరికా రసాయన శాస్త్రవేత్త గ్రాహం ఎడ్గర్ ఐసో ఆక్టేన్‌కు 100, సాధారణ హెప్టేన్‌కు 0 ఇచ్చి ఈ కొలమానానికి పునాది వేశాడు. ఉదాహరణకు 91 ఆక్టేన్ పెట్రోలు, ఆ రెండింటిని 91:9 పాళ్లలో కలిపిన మిశ్రమంలా ప్రవర్తిస్తుందని అర్థం. ఆక్టేన్‌ను పెంచడానికి దశాబ్దాలపాటు కలిపిన సీసం మనుషులకు విషమని తెలిసి, దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోలును ఆపివేశారు. ఇప్పుడు కలుపుతున్న ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది. కిరోసిన్ కల్తీ మాత్రం దానిని బాగా దించేస్తుంది. కొత్తగా ఒక చోట పెట్రోలు పోయించిన తరువాతే గలగల మొదలైతే, ట్యాంకు ఖాళీ చేసి మంచి పెట్రోలు పోసి చూడడం ఏ మరమ్మతు కంటేనైనా చవక.

చక్రాల వైపు దెబ్బలు తేలికగా పట్టుబడతాయి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ మెడ దగ్గర టక్కుమంటే బాల్ రేసులు అరిగాయని అర్థం. ఎక్సలేటర్ ఇచ్చినప్పుడూ వదిలినప్పుడూ వెనుక నుంచి ఒక్కో దెబ్బ వస్తే వెనుక హబ్‌లోని రబ్బర్లో, వదులైన చైనో కారణం కావచ్చు. ఇంజన్ ఫౌండేషన్ బోల్టు సడలినా ఫ్రేము మోగుతుంది. అది క్రాంక్ పోయినంత భయంకరంగా వినిపిస్తుంది, ఒక స్పానర్‌తో నయమవుతుంది.

లోహంలోని కంపనంలో చాలా భాగం గాలిలోకి దాటకుండా తిరిగి లోహంలోకే పోతుంది కాబట్టి, పొడవైన స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు తాకించి వినే మెకానిక్ పద్ధతి శాస్త్రసమ్మతమే. హెడ్ మీద, సిలిండరు మీద, క్రాంక్ కేసు మీద వరుసగా విని పోల్చాలి, కదిలే భాగాలకు దూరంగా ఉండాలి. క్రాంక్ కేసు దగ్గరే బరువైన దెబ్బ ఎక్కువగా వినిపించి, వేడెక్కినా తగ్గకపోతే బండిని అక్కడే ఆపి, మరో వాహనం మీద షెడ్డుకు చేర్చి, నూనె తీసి అందులో లోహపు రజను ఉందేమో చూడాలి; మరి కొన్ని కిలోమీటర్లు నడిపితే విరిగిన రాడ్ క్రాంక్ కేసునే పగలగొట్టవచ్చు.