ముక్తినాథ్ వెళ్ళొచ్చా?

మా అమ్మకి డెబ్భై నాలుగేళ్ళు. కాశీ, రామేశ్వరం, బదరీ అన్నీ అయ్యాయి, ముక్తినాథ్ ఒక్కటే మిగిలిపోయింది. "నువ్వు తీసుకెళ్తే వస్తాను గానీ, ఆ టూరు బస్సుల్లో నేను పడలేనురా" అని నాలుగేళ్ళుగా అంటోంది. చివరికి 2025 జూన్‌లో ధైర్యం చేసి థాంక్స్‌గివింగ్ సెలవులకి టికెట్లు కొన్నాను. న్యూజెర్సీ నుంచి నేను, మా ఆవిడ, పదహారేళ్ళ మా అమ్మాయి, తెనాలి నుంచి అమ్మ ఢిల్లీలో కలుసుకుని అక్కణ్ణుంచి కాఠ్మండు వెళ్ళాలని ఏర్పాటు. సెప్టెంబరు 9న పొద్దున్నే కాఫీ కప్పుతో టీవీ ముందు కూర్చుంటే, కాఠ్మండులో పార్లమెంటు భవనం తగలబడుతోంది.

ఆ మర్నాటి నుంచి అందరూ సలహాలే. మానుకోమన్నవాళ్ళు సగం, "ఏం కాదు, మా వాళ్ళు వెళ్ళొచ్చారు" అన్నవాళ్ళు సగం. ఇద్దరి దగ్గరా వివరం మాత్రం లేదు. దాంతో నేనే కూర్చుని చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను, చివరికి వెళ్ళొచ్చాను. మనలో చాలా ఇళ్ళలో ఇలాంటి అమ్మానాన్నలు ఉంటారు కాబట్టి నాకు అర్థమైనంత రాస్తున్నాను.

ముందు జరిగిందేమిటో చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరు 4న నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ వగైరా 26 సామాజిక మాధ్యమాలని నిషేధించింది. మనకిది ఇంటర్నెట్ గొడవలా కనిపిస్తుంది. కానీ నేపాల్‌లో లక్షల కుటుంబాలు గల్ఫ్‌లోనో మలేషియాలోనో పనిచేసే కొడుకు పంపే డబ్బుతో బతుకుతాయి. దేశం మొత్తం ఆదాయంలో అలా వచ్చేది నాలుగో వంతు దాకా ఉంటుంది. ఆ కొడుకుతో మాట్లాడుకునేది వాట్సాప్‌లోనే. ఆదివారం పొద్దున తెనాలికి ఫోను కలవకపోతే నాకెలా ఉంటుందో ఊహించుకున్నాక ఆ కోపం కొంత అర్థమైంది. దానికి అవినీతి మీద ఎప్పటినుంచో ఉన్న మంట తోడైంది. 8వ తేదీన యువకులు వీధుల్లోకి వచ్చారు, పోలీసులు కాల్చారు, ఆ ఒక్క రోజే 19 మంది పోయారు. మర్నాడు ప్రభుత్వ భవనాలు, నాయకుల ఇళ్ళు తగలబెట్టారు. ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. 12వ తేదీన మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు. మొత్తం చనిపోయినవాళ్ళు 70కి పైనే.

"యాత్రికుల జోలికి ఎవరూ రారు" అనే మాట నేపాల్ గురించి ఎప్పుడూ వినిపిస్తుంది. చాలావరకు నిజమే, కానీ పూర్తిగా కాదు. ఈసారి పెద్ద హోటళ్ళు కూడా కాలాయి, ఒక భారతీయ యాత్రికురాలు ప్రాణాలు పోగొట్టుకుంది. కాఠ్మండు విమానాశ్రయం 9న మూతపడి 10వ తేదీ సాయంత్రం దాకా తెరుచుకోలేదు. యాత్రలకని వెళ్ళిన మన తెలుగువాళ్ళు అక్కడ చిక్కుకుపోతే ఆంధ్ర ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టి విశాఖ, తిరుపతికి తీసుకొచ్చింది. అమ్మ ఆ వార్త టీవీలో చూసి, "చూశావా, తీసుకొచ్చేస్తారు" అంది. నేనేమో "చూశావా, చిక్కుకుపోయారు" అన్నాను.

నేపాల్‌కి ఇది కొత్త కాదు. 1999లో దాదాపు 4 లక్షల 91 వేలమంది విదేశీయులు వచ్చారు. ఆ డిసెంబరు 24న కాఠ్మండు నుంచి ఢిల్లీ బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకుపోవడం మనందరికీ గుర్తే. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆ సంస్థ కాఠ్మండుకి విమానాలు నడపలేదు. 2001 జూన్‌లో రాజకుటుంబం హత్యకి గురైంది. 1996లో మొదలైన మావోయిస్టుల యుద్ధం అప్పటికి బాగా ముదిరింది. 2002 నాటికి యాత్రికుల సంఖ్య 2 లక్షల 75 వేలకి పడిపోయింది. ఆ రోజుల్లో కొండదారుల్లో మావోయిస్టులు విదేశీయుల దగ్గర చందా వసూలు చేసి, రసీదు కూడా ఇచ్చేవారు. ఇంకో ముఠా అడిగితే ఆ రసీదు చూపిస్తే వదిలేసేవారట! 2006 నవంబరులో శాంతి ఒప్పందం కుదిరాక, మర్నాటి ఏడాదికే ఆ సంఖ్య 5 లక్షలు దాటింది. 2015 భూకంపంలో దాదాపు 9 వేలమంది పోయారు, అయినా 2019లో దాదాపు 12 లక్షలమంది వచ్చారు. కోవిడ్‌తో కూలింది, 2024కి మళ్ళీ పదకొండున్నర లక్షల దగ్గరకి చేరింది. (గోరఖ్‌పూర్ మీదుగా బస్సుల్లో వెళ్ళే మన గోదావరి జిల్లాల యాత్రికులు ఈ లెక్కల్లోకి రారు. రోడ్డుమీద వచ్చే భారతీయులని అక్కడ లెక్కపెట్టరు.) 2025 సెప్టెంబరులో ముందటి సెప్టెంబరుకన్నా సుమారు ఐదో వంతు తగ్గారు, అక్టోబరుకల్లా మళ్ళీ మామూలు స్థాయికి వచ్చేశారు. ఆ అక్టోబరు లెక్క చూశాకే నేను టికెట్లు రద్దు చేసుకోలేదు.

రద్దు చేసుకుంటే ఏమయ్యేదో కూడా చెబుతాను, ఇక్కడ నేను దెబ్బతిన్నాను కాబట్టి. ప్రయాణ బీమా అల్లర్లు మొదలయ్యాక కొంటే ఆ అల్లర్లకి వర్తించదు, అప్పటికే తెలిసిన సంగతి అంటారు. భయమేసి మానుకోవడం చాలా పాలసీల్లో కారణం కిందకే రాదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే రకం ఒకటి ఉంది, కానీ దాన్ని మొదటి డబ్బు కట్టిన రెండు మూడు వారాల్లోనే తీసుకోవాలి, అదీ మొత్తంలో సగం నుంచి ముప్పావు వంతు దాకానే తిరిగిస్తుంది. నేను సెప్టెంబరు 10న ఫోన్ చేశాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా లేదని చెప్పింది.

ఇక పాస్‌పోర్టుల సంగతి. భారత పౌరులకి నేపాల్ వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టుగానీ ఓటరు గుర్తింపు కార్డుగానీ ఉంటే చాలు. మన అమెరికన్ పాస్‌పోర్టు వాళ్ళు విమానాశ్రయంలో దిగి వీసా తీసుకోవాలి, 15 రోజులకి 30 డాలర్లు. ఓసీఐ కార్డు ఇండియాకే గానీ అక్కడ పనికిరాదు. ముక్తినాథ్ అన్నపూర్ణ సంరక్షిత ప్రాంతంలో ఉంది, దాని ప్రవేశ రుసుము అమ్మకి 1000 నేపాలీ రూపాయలు, మాకు తలా 3000. "మన ఊళ్ళో మీరు పరాయివాళ్ళయ్యారేమిట్రా" అని అమ్మ నవ్వింది. మన వంద అక్కడ నూట అరవై, గడియారం మనకన్నా పావుగంట ముందు.

అసలు భయపడాల్సింది రాజకీయానికి కాదని నా అభిప్రాయం. బంద్ అంటే ఒకటి రెండు రోజులు ఆగాలి, అంతే. యాత్రికుల బళ్ళకి ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉంటుంది, బంద్‌లో కూడా వాటిని తరచు వదిలేస్తారు. మొత్తం ప్రయాణంలో రెండు రోజులు ఖాళీగా పెట్టుకుంటే చాలు. నిజమైన ప్రమాదాలు వేరే ఉన్నాయి. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి చిన్న విమానం పోవడానికి ఇరవై నిమిషాలు. పదకొండు దాటితే లోయలో గాలి లేస్తుంది కనక పొద్దుటే ఎగరాలి. 2022 మేలో ఆ దారిలోనే విమానం కూలి 22 మంది పోయారు. 2023 జనవరిలో పోఖరా దగ్గర 72 మంది పోయారు. నేపాలీ విమాన సంస్థలని ఐరోపా సమాఖ్య 2013 నుంచి తన ఆకాశంలోకి రానివ్వలేదు. వానాకాలంలో కొండచరియలు విరిగి రోడ్లు కొట్టుకుపోతాయి. తుఫాను సంగతి మనవాళ్ళకి తెలియాలి. 2014 అక్టోబరు 12న విశాఖని ధ్వంసం చేసిన హుద్‌హుద్, రెండు రోజుల్లో హిమాలయాలకి చేరి మంచు తుఫానై కురిసింది. ముక్తినాథ్‌కి పైనున్న థొరాంగ్ లా కనుమ దగ్గర, చుట్టుపక్కల 40 మందికి పైగా చనిపోయారు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని విన్నారంటే ముక్తినాథ్ దారిలో ఉన్నవాళ్ళు ఆగాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఎత్తు. పోఖరా 800 మీటర్ల పైచిలుకు, ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటి. విమానం దిగి, జీపెక్కి, అదే పూట గుడికి చేరిస్తే పెద్దవాళ్ళకి ఊపిరాడదు, తల తిరుగుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదకొస్తుంది. మన టూరు వాళ్ళు మధ్యాహ్నానికి కిందకి దింపేస్తాం అని ధీమాగా చెబుతారు. నాకది నచ్చలేదు. మేము పోఖరా నుంచి జీపులోనే వెళ్ళాం. మొదటి రాత్రి తాతోపానీలో, రెండోది మార్ఫా అనే ఆపిల్ తోటల ఊళ్ళో. అమ్మ వేలికి రోజూ ఆక్సిజన్ మీటరు పెట్టాను. బీపీ మందుల గురించి, డయామాక్స్ గురించి బయల్దేరకముందే వాళ్ళ డాక్టరునే అడిగించాను. ఈ విషయంలో వాట్సాప్ వైద్యం వద్దు.

మా జీపు డ్రైవరు ఆరేళ్ళు ఖతార్‌లో పనిచేసి వచ్చినతను. ఆ డబ్బుతో, అప్పుతో జీపు కొన్నాడు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వచ్చేదే ఏడాది సంపాదన. సెప్టెంబరులో అతనికి ఐదు బేరాలు పోయాయి. కోపం ఎవరిమీద అని అడిగాను. "పిల్లల మీద కాదు సార్, వాళ్ళు అడిగింది నిజమే. కానీ నా వాయిదా బ్యాంకు ఆపదు కదా" అన్నాడు, హిందీలో. అమ్మని మొదటి రోజు నుంచే "ఆమా" అని పిలిచాడు. నేపాలీలో అమ్మ అనే అర్థం. అమ్మ అతనికి రోజూ అన్నంలో ఆవకాయ వేసింది. అతను గుంద్రుక్ తినిపించాడు, ఆకుకూర పులియబెట్టి ఎండబెట్టింది. అమ్మకి వాసన పడలేదు గానీ, "ఎండు గోంగూరలా ఉంది" అని మర్యాదకి రెండు ముద్దలు తింది.

గుడి దగ్గర గుర్రం ఎక్కనంది. మెట్లు ఎక్కడానికి గంట పైన పట్టింది, పది మెట్లకోసారి కూర్చుంది. గుడి వెనక అర్ధచంద్రాకారంలో 108 ధారలు, ఎద్దు తలల నోళ్ళలోంచి మంచునీళ్ళు. వైష్ణవులకిది దివ్యదేశం, బౌద్ధులకీ పవిత్రమే. కొంచెం కిందున్న జ్వాలామాయి గుడిలో నేలలోంచి వచ్చే సహజవాయువు నీలంగా వెలుగుతూ ఉంటుంది, అక్కడ బౌద్ధ సన్యాసినులు ఉన్నారు. ఆ నీళ్ళ కింద తడవడానికి అమ్మని నేను ఒప్పుకోలేదు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఒక్కో ధార కింద నాయనమ్మ వేళ్ళు తడుపుతూ, ఇంగ్లీషులో లెక్కపెడుతూ తీసుకెళ్ళింది. డెబ్భై రెండు దగ్గర లెక్క తప్పారు. అమ్మ మళ్ళీ మొదటినుంచి అంది.

తిరిగొచ్చేటప్పుడు పోఖరాలో డ్రైవరు తన నంబరు కాయితం మీద రాసిచ్చాడు. "మార్చి, ఏప్రిల్ కూడా బాగుంటుంది సార్, మీ వాళ్ళకి చెప్పండి" అన్నాడు. మార్చి 5న ఎన్నికలు కదా అన్నాను. "అయితే ఏప్రిల్ అని చెప్పండి" అన్నాడు. ఇక్కడికొచ్చాక ఆ నంబరు రెండు కుటుంబాలకి ఇచ్చాను. ఒకళ్ళు వెంటనే ఫోన్ చేశారు. రెండోవాళ్ళు "చూద్దాం" అన్నారు.