కదిలించిన సినిమా – కదలాల్సిన కలం

సినిమా చూసి కళ్ళు తుడుచుకోనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. హాస్టల్ టీవీ గదిలో ఆదివారం సినిమా అయిపోయి లైటు వేసేసరికి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచి వెళ్ళిపోవడం మనందరికీ అనుభవమే. ఆ రాత్రి కొందరికి నిద్ర పట్టదు. మనమూ ఏదైనా రాస్తే బాగుండుననిపిస్తుంది. తీరా నోటుబుక్కు తెరిచి కూర్చుంటే ఆ సినిమా కథే పేర్లు మార్చుకుని మళ్ళీ వస్తుంది. "మనకు రాయడం రాదులే" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగిపోకుండా ముందుకు పోయే దారేదో ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

ఇందుకు మంచి ఉదాహరణ సత్యజిత్ రే. 1950లో ఆయన కలకత్తాలో ఒక ప్రకటనల కంపెనీలో చిత్రకారుడు. కంపెనీ పని మీద లండన్ వెళ్ళి, కొన్ని నెలల్లో వంద దాకా సినిమాలు చూశారు. వాటిలో ఒకటి ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్'. కథ చాలా చిన్నది. రోమ్ నగరంలో పని దొరకని ఒక తండ్రికి గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం వస్తుంది. సైకిలుంటేనే ఉద్యోగం. ఆ సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య ఇంట్లోని దుప్పట్లు తాకట్టు పెట్టి దాన్ని విడిపిస్తుంది. పనిలో చేరిన మొదటిరోజే సైకిలు పోతుంది. కొడుకును వెంటబెట్టుకుని ఊరంతా వెతికి వేసారి, చివరికి తానే ఒక సైకిలు దొంగిలించబోయి, కొడుకు కళ్ళముందే పట్టుబడతాడు.

ఈ సినిమా చూశాక తానూ సినిమా తీయాలని రే గట్టిగా నిర్ణయించుకున్నారు. అలాగని ఆయన సైకిలు దొంగతనం కథ తీయలేదు. అంతకుముందు తాను బొమ్మలు వేసిన విభూతిభూషణ్ నవల 'పథేర్ పాంచాలి'ని తీసుకున్నారు. 1955లో విడుదలైన ఆ సినిమాలో ఉన్నది బెంగాల్ పల్లె, ఆ పల్లెలోని పేద కుటుంబం, రైలు చూడాలని పరుగెత్తిన అక్కాతమ్ముళ్ళు. మామూలు మనుషుల బతుకు, అసలైన ఊళ్ళు, పెద్దగా పేరులేని నటులు చాలన్న ధైర్యం మాత్రమే ఆయన ఇటలీ నుంచి తెచ్చుకున్నారు. కథ తన నేలదే.

మన కడప జిల్లాలో పుట్టిన బి.ఎన్.రెడ్డి గారూ ఇలాంటి పనే చేశారు. జార్జ్ ఇలియట్ ఇంగ్లీషు నవల 'సైలాస్ మార్నర్' ఆధారంగా 'బంగారు పాప' తీస్తే, అది అచ్చంగా తెలుగు కథ అయిపోయింది. ప్రేమ్‌చంద్ కథ 'కఫన్'ను మృణాల్ సేన్ 1977లో 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీశారు. విత్తనం ఎక్కడిదైనా, మొలిచిన నేల గాలి, నీరు దానికి అబ్బుతాయి.

మరి మనం చేయవలసిందేమిటి? మొదట, సినిమా మొత్తాన్ని కాక, మనల్ని ఏడిపించిన ఒక్క చోటును పట్టుకోవాలి. 'బైసికిల్ థీవ్స్'లో తాకట్టు కొట్టు గుమాస్తా ఆ దుప్పట్ల మూటను పట్టుకుని ఎత్తయిన అరల మీదికి ఎక్కుతాడు. ఆ అరల నిండా అలాంటి మూటలే. ఊరంతా దుప్పట్లు కుదువబెట్టిందని ఎవరూ మాటల్లో చెప్పరు. మనకు తెలిసిపోతుంది. "వాళ్ళు చాలా పేదవాళ్ళు" అని పది వాక్యాలు రాసేకంటే ఆ మూటల్లాంటి వస్తువు ఒకటి చూపించడం మేలు.

రెండో పని, ఆ చోటు మనల్ని ఎందుకు కదిలించిందో ఒక ప్రశ్నగా రాసుకోవడం. బతుకుదెరువు పోయిన తండ్రి కొడుకు ముందు ఎలా నిలబడతాడు? ఇదీ ప్రశ్న.

మూడోది, ఆ ప్రశ్నకు మన ఊళ్ళో జవాబు వెతకడం. ఉదాహరణకు శ్రీశైలాన్నే తీసుకుందాం. సైకిలు తీసేసి పాతాళగంగలో పుట్టి వేసి చేపలు పట్టే మనిషిని పెడితే అది కథను కాపీ కొట్టడమే. ప్రశ్నను మాత్రం వెంట తీసుకెళ్తే వేరే కథ దొరుకుతుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు కింద, 1980ల మొదట్లో అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్ళు మునిగిపోయాయి. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరాలయం బయటపడుతుంది. అలా నీళ్ళు దిగిన బురదలో ఒక తండ్రి కొడుకును నడిపించుకుంటూ వచ్చి, "ఇదిగో, ఇక్కడే మన ఇల్లు" అంటే? కొడుక్కి అక్కడ ఏమీ కనిపించకపోతే? ఇక్కడ సైకిలు లేదు, రోమ్ లేదు. ప్రశ్న మాత్రం అదే.

నాలుగోది, అడిగి తెలుసుకోవడం. సినిమాలో నటుడి ముఖమే సగం చెబుతుంది. కాగితం మీద ఆ ముఖం ఉండదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గడప పీకి తీసుకుపోయారా, ఎద్దులను ఏం చేశారు, ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేదు - ఇవన్నీ పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వింటేనే తెలుస్తాయి.

మిత్రులారా, మన అమ్మానాన్నలలో చాలామందికి చదువు లేదు. వాళ్ళు పడిన కష్టం ఏ పుస్తకానికీ ఎక్కలేదు. వాళ్ళు పోతే ఆ మాటలూ పోతాయి. ఆ ఇళ్ళలో మొదటిసారి కలం పట్టినవాళ్ళం మనమే. మనం రాయకపోతే వేరేవాళ్ళు రాస్తారు, లేదా ఎవరూ రాయరు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్ళండి. ముందు అమ్మను అడగండి.