చక్రంలో దాగిన ముప్ఫై గ్రాములు

టేక్మాల్ చుట్టుపక్కల ఊరి రోడ్ల మీద పికప్ బండి నలభై దాటడమే గగనం. కొత్త టైర్లు వేయించుకున్నా అక్కడ తేడా ఏమీ తెలియదు. అదే బండి 161వ నంబరు జాతీయ రహదారి ఎక్కి డెబ్బై, ఎనభై అందుకోగానే స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే తగ్గిపోతుంది. పాత టైర్లకు లేని జబ్బు కొత్తవాటికి ఎందుకొచ్చింది?

సదాశివపేట దగ్గర ఎంఆర్‌ఎఫ్ కర్మాగారం మనకు దగ్గరే. కానీ ఎక్కడ తయారైన టైరైనా చుట్టూ ఒకే బరువుతో ఉండదు. రబ్బరు పొరల కొసలు ఒకదానిమీద ఒకటి అతికిన చోట కాస్త బరువు ఎక్కువ. పాత టైరుకు సరిపోయేలా రిమ్ముకు కొట్టిన సీసం ముక్కలు కొత్త టైరుకు లెక్క తప్పుతాయి.

215/75 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పదిసార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువుంటే, ఇరుసును రెండు కిలోలకు పైగా బరువు కట్టి లాగినట్టే, సెకనుకు పది చుట్లు. నలభైలో ఈ లాగుడు నాలుగో వంతే. పైగా చాలా బండ్లలో ముందు చక్రాలు, సస్పెన్షన్ సహజంగా ఊగే వేగం కూడా సెకనుకు పది, పదిహేను ఊపుల మధ్యే. ఉయ్యాల ఊపు చూసి తోసినట్టు, వణుకు ఆ వేగంలోనే పెద్దదవుతుంది.

ఆ గ్రాములు ఎక్కడున్నాయో పట్టిచ్చే యంత్రం అసలు బండ్ల కోసం పుట్టలేదు. తిరిగే వస్తువులను తూకానికి తెచ్చే పద్ధతికి 1870లోనే కెనడాలో హెన్రీ మార్టిన్‌సన్ పేటెంటు తీసుకున్నాడు. 1907లో జర్మనీలో ఫ్రాంజ్ లవాచెక్ దాన్ని మెరుగుపరిస్తే, డార్మ్‌స్టాట్‌లోని కార్ల్ షెంక్ సంస్థ ఆ యంత్రాన్ని చేపట్టింది. అప్పటి బెంగ టర్బైన్లది, డైనమోలది. వేగం పెరిగేకొద్దీ బేరింగులు అరిగిపోయేవి.

అంతకుముందు ఇరుసును రెండు పట్టాల మీద పెట్టి, ఏ వైపు కిందికి వచ్చి ఆగుతుందో చూసేవారు. అయితే లోపలి అంచున ఒకచోట, బయటి అంచున సరిగ్గా ఎదురుచోట బరువుంటే ఆ చక్రం నిలకడగా ఆగుతుంది. తిరిగితేనే అటూ ఇటూ కొట్టుకుంటుంది. స్టీరింగును బాగా ఊపేది ఈ రకమే. ఇప్పటి యంత్రం చక్రాన్ని తిప్పి, షాఫ్టు దగ్గరి సెన్సర్లతో లోపలికి ఇన్ని గ్రాములు, బయటికి ఇన్ని అని విడివిడిగా చెబుతుంది. నాకు ఎంతో ఇష్టమైన పనిముట్టు ఇది. కంటికి కనబడని బరువు ఉన్న చోటును వేలు పెట్టి చూపిస్తుంది.

అయితే అది కొలిచేది చక్రం తన మీద కూర్చున్న తీరునే. శంకువు ఆకారపు బిగింపులో రిమ్ము కొంచెం పక్కకు కూర్చున్నా తెర మీద సున్నాలు పడతాయి, బండికి బిగిస్తే మళ్లీ వణుకు. అనుమానం ఉంటే బిగింపు వదులు చేసి, చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ కొలిపించాలి. సున్నా మారిందంటే తప్పు బిగింపుది. బండి హబ్బు దగ్గరా అంతే. రిమ్ము ఆనే చోట తుప్పు ఉన్నా, పొలం మట్టి గట్టిపడి ఉన్నా చక్రం వంకరగా కూర్చుంటుంది. తీగ బ్రష్షుతో గీకి, నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. టైరు అంచు రిమ్ములో చుట్టూ సమానంగా కూర్చుందా లేదా అన్నది పక్కనున్న సన్నటి గీత చెబుతుంది.

బ్రేకు తొక్కినప్పుడే వణికితే ముందు బ్రేకు డిస్కును చూడాలి. ఒక పక్కకు గుంజితే అలైన్‌మెంట్ చూపించాలి. ఇవేవీ కాకపోతే ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకూ మార్చి, అదే రోడ్డు మీద ఎనభైలో నడపాలి. స్టీరింగు నిమ్మళించి సీటు కింద వణుకు మొదలైందంటే, జబ్బు వెనక్కి వేసిన చక్రాల్లోనే ఉంది.