నిలిచిన గొట్టములోని బలము

నిజాము కొలువులో సేనానిగా నుండిన ఫ్రెంచి దేశస్థుడు రేమండు 1786 ప్రాంతమున ఫిరంగులు పోతపోయించిన కట్టడము గన్‌ఫౌండ్రీలో శిథిలమై యిప్పటికిని నిలిచియుండగా, దాని చుట్టును బ్యాంకులు, పాఠశాలలు, దుకాణములు, పాత బంగళాలు పడగొట్టి లేపిన అపార్టుమెంటులు క్రిక్కిఱిసి, ఆబిడ్సు మొదలు బషీర్‌బాగు వఱకు వెదకినను నాలుగు లారీలు నిలుపు ఖాళీస్థలము దొరకుట కష్టమైనది. ఇట్టిచోట ఐదవ అంతస్తునకు స్లాబు పోయవలెనన్న యజమానికి సిమెంటు ధరకంటె ముందుగా తీరవలసిన సందేహము, కాంక్రీటును పైకెట్లు చేర్చుట యనునదే.

ఒకప్పుడీ పని పాలమూరు కూలీల తలలమీద నడచినది. ఏటవాలుగా కట్టిన చెక్కలమీద వరుసగా నిలిచి, తట్టలు చేతులు మార్చుకొనుచు, ప్రొద్దుపొడుపునుండి చీకటిపడువఱకు స్లాబు పోసినవారిని చూచినవారు నగరములో నింకను చాలమంది యున్నారు. ఆ శ్రమను తొలగించిన యంత్రము మఱీ క్రొత్తదేమియు కాదు. జర్మనీలో మాక్స్ గీజె, ఫ్రిట్జ్ హెల్ అనువారు 1927లోనే కాంక్రీటు పంపును నిర్మించిరి. దుబాయిలోని బుర్జ్ ఖలీఫాలో కాంక్రీటు 600 మీటర్లకు పైబడిన యెత్తునకు పంపుద్వారానే యెక్కినది. గన్‌ఫౌండ్రీకి కావలసినది ఇరువది మీటర్లే యైనను, ప్రమాదము మాత్రము ఎత్తు చూచి తగ్గునది కాదు.

యంత్రములోని కీలకము సులభము. రెండు సిలిండర్లలోని పిస్టనులు వంతులవారీగా పనిచేయుచు, ఒకటి హాపరునుండి కాంక్రీటును లోనికి గుంజుచుండగా రెండవది దానిని గొట్టములోనికి నెట్టును; ఎస్ ఆకారపు వాల్వు క్షణమాత్రమున అటునిటు తిరిగి, నెట్టుచున్న సిలిండరుకు గొట్టమును జతచేయును. ఆ వాల్వు తిరుగు వేగమునకు మనిషి చేయి అడ్డము కానేరదు. హాపరుమీది ఇనుపజాలిని ‘రాళ్లు పట్టుచున్నవి’ అని తీసి ప్రక్కన పెట్టు అలవాటు కొన్ని సైట్లలో కలదు. ఆ జాలి యున్నది పెద్దరాళ్లను ఆపుటకే కాక చేతులను ఆపుటకును అని మేస్త్రీలు గట్టిగా చెప్పవలెను.

చేయి చాచు బూమ్ పంపు చూచుటకు ఘనమైనదే గాని, ఇచ్చటి సందులలో తలపై నల్లుకొన్న తీగెలను చూచినవాడు దానిని కోరడు. బూము హైటెన్షను తీగెను తాకనక్కఱలేదు, మిక్కిలి సమీపించినను విద్యుత్తు దూకి రాగలదు. కావున ఇటువంటిచోట్ల లైను పంపును వీథి యంచున నిలిపి, గోడవెంబడి పైపులు బిగించి పైకి తీసికొనిపోవుట మేలు. బూమ్ పంపే తప్పనియెడల, దాని జాకీలను మురుగుకాలువ మూతలమీదను, నిన్న పూడ్చిన గోతులమీదను ఆనింపక, గట్టినేలమీద మందపు చెక్కలు పఱచి ఆనింపవలెను.

పగటివేళ నగరమధ్యమున భారీవాహనములకు ఆంక్షలుండుటచేత స్లాబు పని తఱచుగా రాత్రియే సాగును. ఒక్కొక్క మిక్సరు లారీ ఆరు ఘనమీటర్ల కాంక్రీటు తెచ్చిన, ఆరంగుళముల మందముతో అది నలువది చదరపు మీటర్లకు చాలును. మొదట సిమెంటు నీళ్లచిక్కని పాలు పంపి గొట్టము లోపలిభాగమును తడుపుదురు. ఆ పాలను స్లాబులో కలుపక వేఱుగా పట్టి పాఱబోయవలెను. తరువాత వచ్చు కాంక్రీటు జారుగా నుండవలెనే గాని నీరుగా నుండరాదు. ఆలస్యమై బిగుసుకొన్న లారీలోనికి పైపు పెట్టి నీరు వదలుట మన సైట్లలోని పెద్ద దురభ్యాసము. దానివలన స్లాబు బలము తగ్గుటయే కాక, రాళ్లనుండి ముద్ద విడిపోయి గొట్టములో కంకర మాత్రమే మిగిలి, ఒకదానితో నొకటి చిక్కుకొని జామగును. క్లాంపువద్ద వాషరు చెడి పాలు కారినను ఫలితమిదియే. ఎండకాలములో పైపులపై తడిగోనెలు కప్పు మేస్త్రీని చాదస్తుడని నవ్వుదురు గాని, అతడే వివేకి.

కదలుచున్న కాంక్రీటుకంటె నిలిచిన కాంక్రీటే అపాయకరమని నా దృఢాభిప్రాయము. 125 మిల్లీమీటర్ల పైపులో ఒక్క మీటరు పొడవున దాదాపు 30 కిలోల కాంక్రీటు పట్టును. ఇరువది మీటర్లు నిలువుగా లేచిన పైపులో ఆఱువందల కిలోల బరువు వ్రేలాడుచు, ఇంజను కట్టివేసిన తరువాతను అడుగున కారు టైరులోని ఒత్తిడికి రెండింతల ఒత్తిడి నిలిచియుండును. జాము కట్టినచోట పంపు త్రోసిన ఒత్తిడి దీనికి అనేకరెట్లు. ఈ సంగతి తెలియని హెల్పరు సుత్తితో క్లాంపు పిన్ను తట్టి విప్పబోయినచో, ఆ క్లాంపే ఎగిరి ముఖమునకు తగులును. నేర్చిన ఆపరేటరు చేయు పని వేఱు: ఒత్తిడి చూపు ముల్లు పైకెక్కుచుండగనే, పిస్టను చప్పుడు బరువెక్కుచుండగనే ఆపి, రెండుమూడు స్ట్రోకులు రివర్సు నడిపి, ముల్లు దిగినదని చూచి, మెల్లగా మరల ముందుకు పంపును. అప్పటికిని కదలకున్న, రివర్సుతో ఒత్తిడి వదలించి, పైపు పొడవునా సుత్తితో తట్టి, ఖంగుమనునది ఖాళీయనియు, మొద్దుగా పలుకునది జామనియు గుర్తించి, కండ్లద్దాలు ధరించి, ముఖము ప్రక్కకు త్రిప్పి క్లాంపు విప్పించును.

హాపరు అడుగంటుట మఱియొక శత్రువు. కాంక్రీటు తగ్గినపుడు పిస్టను గాలిని గుంజును. ఆ గాలి గొట్టములో నొత్తుకొని, చివర రబ్బరు హోసువద్ద ఒక్కసారి విడివడి, హోసును కొరడావలె విసరును. అందుచేత హాపరులో కలియబెట్టు రెక్కలు మునిగియుండవలెను. గాలి చొచ్చినదని తోచినచో పంపు ఆపి రివర్సు నడపవలెను. పని తిరిగి మొదలిడు ప్రతిసారియు హోసును ఎవరును పట్టుకొనక, అందరును దూరముగా తొలగి, కాంక్రీటు నిలకడగా వచ్చిన పిమ్మటనే దగ్గఱ చేరవలెను. హోసును కాళ్లనడుమ పెట్టుకొని నడపువారిని వెంటనే మాన్పింపవలెను.

ఇచ్చటి స్లాబుపై తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా కలిసి పలుకును. క్రింద ఆపరేటరు యంత్రపు హోరులో నుండగా, పైనుండి ‘బంద్ కరో!’ అని యొకడును, ‘ఇంకొంచెం పంపన్నా!’ అని మఱియొకడును కేకలు వేసినచో అతడేది వినవలెను? పని మొదలిడకమునుపే పైనొకనికి మాత్రమే సైగచేయు అధికారమిచ్చి, ఆ సైగలను అందఱకు చూపించిన సైటులో కేకలే వినబడవు.

చివరి లారీ పోయిన పిమ్మట అలసట మిక్కిలి, తొందర అంతకు మిక్కిలి. స్పాంజి బంతిని గాలితో నెట్టి గొట్టము కడుగుదురు గాని, ఆ బంతి తుపాకిగుండువలె వెడలును. వీలున్నంతవఱకు నీటితో నెట్టవలెను, గాలియే తప్పనిచో ముందుగా రబ్బరు హోసు విప్పి, చివర జాలిబుట్ట బిగించి, ఎదుట నెవరిని నిలువనీయరాదు. ఆ కడుగునీటిని ప్రక్కకాలువలోనికి వదలిన, అడుగున సిమెంటు గడ్డకట్టి, వానకు పొంగు మురుగునీరు ఆ వీథి దుకాణములలోనికే వచ్చును. గోతిలో టార్పాలిను పఱచి అందులో పోసి, మఱునాడు గట్టిపడిన పెచ్చులను ప్లింతు పూడికకు వాడుకొనుటకు ఖర్చయ్యెడిది ఒక్క హెల్పరు పూట కూలియే.