గిరినాగు కనఁబడినప్పుడు కర్షకుఁడు చేయవలసిన పని



గడచిన వానకాలమున మాడుగుల పోవు దారిలోని యొక గ్రామమునకు చెఱకు తెగులు చూచుటకై పోయితిని. గట్టుమీఁద పదిమంది కఱ్ఱలతో నిలిచి యుండిరి. వారి నడుమ నొక గిరినాగు చచ్చి పడియున్నది. కొలువఁగా పండ్రెండడుగులు దాటినది. వారిని మందలించుటకు నాకు నోరు రాలేదు. ఒక వృద్ధుఁడు మాత్రము, "సంపక ఏటి సేస్తాం బాబూ? ఎవులికి సెప్పాలో మాకేటి తెలుసు?" అనెను. ఆ ప్రశ్నకు సమాధానముగా నీ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందు చట్టము సంగతి. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2022లో సవరించిరి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, గిరినాగును పులి, ఏనుఁగులతోపాటు మొదటి షెడ్యూలున చేర్చినది. దీనిని చంపినవానికి మూఁడు మొదలు ఏడేండ్లవఱకు కారాగారము, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా. అయితే తన ప్రాణమునో పరుల ప్రాణమునో కాపాడుకొనుటకు సద్బుద్ధితో చంపుట నేరము కాదని 11వ సెక్షను చెప్పుచున్నది. పాఱిపోవుచున్న పామును తఱిమి కొట్టుట మాత్రము ప్రాణరక్షణ యనిపించుకొనదు.

గిరినాగు ఎలుకలను తిని పైరును కాపాడునని కొందఱందురు. అది సరికాదు. ఎలుకలను తినునది జెఱ్ఱిపోతు. గిరినాగునకు ముఖ్యాహారము ఇతర సర్పములు. జెఱ్ఱిపోతును తినును, నాగుపామును తినును. జెఱ్ఱిపోతు వెంటఁబడియే యది తఱచుగా మన పొలములలోనికి వచ్చును. వేసవి చివర ఆఁడుపాము ఎండుటాకులు ప్రోగుచేసి గూడు కట్టి, ఇరువది మొదలు నలువది గ్రుడ్లు పెట్టి కావలియుండును. పాములలో గూడుకట్టునది యిదియొక్కటే. కావున ఆ దినములలో తోటలోని ఆకుప్రోగును చేతితో కదల్పరాదు.

మాడుగుల, చీడికాడ ప్రాంతములలో గిరినాగులు పలుమాఱు దొరకినవి. విశాఖపట్టణపు ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీవారు అటవీశాఖతో కలిసి వీనిని పట్టి యడవిలో విడుచుచు, గ్రామములలో బోధన చేయుచున్నారు. పాము కనఁబడినచో దూరముగా నిలిచి, అది పోవు దారి విడిచి, ఒకరిని కనిపెట్టి యుండుమని నియమించి, అటవీశాఖవారికి కబురంపవలెను. పట్టుట వారి పని. మన కుఱ్ఱవాండ్రు తోఁక పట్టి ఫోటోలు తీయించుకొనుట ప్రాణముతో చెలగాటము.

ఏలయన, మన ఆసుపత్రులలో నిచ్చు విషహరము నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషములకై చేసినది. గిరినాగు విషమునకై చేసినది కాదు. ఏ పాము కఱచినను కట్టు బిగింపక, గాయము కోయక, కఱచిన యవయవమును కదలనీయక, 108 బండికి కబురుచేసి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. నాటువైద్యునియొద్ద గడపిన గంట తిరిగిరాదు.

మన సంఘ కార్యాలయపు గోడపై అటవీ రేంజి అధికారి ఫోను నంబరు పెద్దక్షరములతో వ్రాయింపవలెనని కార్యదర్శిగారిని కోరియున్నాను. చెఱకు నఱకువారికి రబ్బరు బూట్లు సంఘము ద్వారా తెప్పించు విషయము రాఁబోవు సభలో చర్చకు వచ్చును. సభ్యులు తప్పక రావలెను.